రేకు కంటే ముందు హుక్కు చూడు

రామన్నపేట చుట్టుపక్కల ఎండకాలం ముదిరితే మాకు ఫోన్లు మొదలైతయి. పగలంతా ఎండ మాడ్చి, పొద్దుమీకి గాలిదుమారం లేస్తది. తెల్లారి చూస్తే ఎవరిదో కొట్టం మీద సిమెంటు రేకులుండవు. ‘రాత్రి గాలికి పోయినయ్ మేస్త్రీ’ అంటరు. నేను విరిగిన ముక్క తీసుకుని బెజ్జం చూస్త. గుండ్రటి బెజ్జం కోడిగుడ్డు లెక్క సాగిందంటే ఆ రేకు ఏండ్ల సంది కదులుతున్నట్టే. రాత్రి గాలి ఆఖరి దెబ్బ మాత్రమే కొట్టింది.

గాలి కప్పును పైకి గుంజుతది. అంచుల కాడ, మూలల కాడ, కొప్పు కాడ ఆ గుంజుడు ఎక్కువ. కోళ్ల షెడ్లకు పక్కలు తెరిచి ఉంటయి కాబట్టి లోపలికి సొచ్చిన గాలి కిందనుంచీ లేపుతది. రేకును పట్టే హుక్కుకున్న తారు వాషరు ఎండకు గట్టిపడి పగులుతది, సందులో నీళ్లు దిగి హుక్కు తుప్పు పడుతది. ఇగ రేకు ఆడుతది.

మా అక్క కొడుకు హ్యూస్టన్‌ల ఉంటడు. అక్కడి ఇండ్ల మీద తారు షింగిళ్లు. తుఫాను తుఫానుకు పైన అద్దిన రాయిపొడి రాలుతది, ఒకదాన్నొకటి పట్టుకున్న జిగురు వదులుతది, అంచు లేస్తది. సరుకు వేరైనా పట్టు సడలినకాడనే గాలి దూరుతది.

పని నాకు మా ఉస్తాద్ పెట్టిన భిక్ష. ఆయన నేర్పిందే చెప్త. బెజ్జం రేకు ఎత్తు మీదనే పెట్టాలె, పల్లంల వద్దు. మేకుతో కొట్టొద్దు, డ్రిల్లు వాడాలె. 8 మిల్లీమీటర్ల హుక్కుకు బెజ్జం ఇంకో 2 మిల్లీమీటర్లు పెద్దగుండాలె, ఎండకు సాగనీకి జాగ కావాలె గదా. వాషరు ఒత్తుకుని, వేలితో తిప్పితే తిరగని కాడ నట్టు ఆపాలె. ఇంకా బిగిస్తే రేకు చిట్లుతది. కింది రేకు మీదికి పై రేకు 15 సెంటీమీటర్లు ఎక్కాలె. మనకు వానకాలం గాలి పడమటిది, అందుకే పరుచుడు తూర్పు కొస నుంచి మొదలుపెట్టాలె. అట్లయితే పక్క జోడు అంచు గాలికి ఎదురుపడదు.

నేను సొంతంగా వేసిన మొదటి కొట్టం ఆ ఏడు గాలిదుమారానికి చెక్కుచెదరలే. ఉస్తాద్ నిచ్చెనెక్కి హుక్కులు తట్టి చూసి దిగిండు. మర్నాడే ఒక పెద్ద షెడ్డు నాకు అప్పజెప్పిండు.

2024 మే 26న నాగర్‌కర్నూల్ జిల్లాల గాలివానకు కడుతున్న కోళ్ల షెడ్డు గోడ కూలి నలుగురు చనిపోయిండ్రు. మన పని కింద మనుషులుంటరని మర్చిపోకు. రేకుల మీద బండరాళ్లు పెట్టిస్తే గాలికి అవే మీద పడతయి, పెట్టనియ్యకు. రేకు నడుమ అడుగు వెయ్యకు, పలక వేసుకుని నడువు. ఉగాదికి ముందే ఎక్కి అంచు వరస హుక్కులు చూసి, పాత వాషర్లు మార్చు.