చిన్న ముల్లే కదా అనుకున్నా

వంకాయ తొడిమకి ముళ్ళుంటాయని మనందరికీ తెలిసిందే. గుచ్చుకుంటే ‘అబ్బా’ అనుకుని మళ్ళీ పనిలో పడిపోతాం. కిందటి నెల గుత్తివంకాయ చేస్తూ నేనూ అంతే చేశాను. కాకపోతే ముల్లు దిగింది ఎడమచేతి వేలికి. నాలుగేళ్ళ క్రితం నాకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ జరిగింది ఆ వైపే.

మర్నాడు మధ్యాహ్నానికి మణికట్టు పైన ఎర్రగా కందింది. ముట్టుకుంటే వేడి. అత్తయ్యగారు పసుపు రాశారు. ఎండకి పేలిందేమోలే అన్నాను. నిజానికి భయమేసింది. కానీ అమ్మాయికి పదో తరగతి పరీక్షలు. పైగా అప్పట్లో మావారు ఎన్ని రాత్రులు నిద్రలేకుండా నా పక్కన కూర్చున్నారో నాకు తెలుసు. మళ్ళీ ఆస్పత్రి మాట ఎత్తడానికి నోరు రాలేదు. పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని ఊరుకున్నాను.

రాత్రి పదకొండింటికి చలి మొదలైంది. రెండు దుప్పట్లు కప్పుకున్నా వణుకు ఆగలేదు. చదువుకుంటున్న అమ్మాయి వచ్చి చెయ్యి పట్టుకుని చూసింది. మోచెయ్యి దాటి ఎర్రబడి, నున్నగా ఉబ్బి ఉంది. పరుగెత్తి వాళ్ళ నాన్నని లేపింది.

ఆస్పత్రిలో డాక్టరుగారు ఎరుపు అంచు వెంబడి పెన్నుతో గీత గీశారు, అది దాటి పాకుతుందేమో తెలియడానికి. సెల్యులైటిస్ అన్నారు. ఆపరేషన్‌లో చంకలో లింఫ్ గ్రంథులు తీసేశాక ఆ చేతిలో లింఫ్ సరిగ్గా పారదట. చర్మంలో చిన్న చీలిక దొరికినా సూక్ష్మజీవులు త్వరగా పాకిపోతాయట. చికిత్స ముగిసి ఏళ్ళు గడిచినా రావచ్చట. ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ, వచ్చినప్పుడల్లా చేతివాపు పెరిగే ప్రమాదమూ ఉంది. “ఎరుపు, వేడి కనిపించిన రోజే రావాలమ్మా. చలిజ్వరం వస్తే తెల్లారేదాకా కూడా ఆగకూడదు” అన్నారు.

మూడు రోజులు సెలైన్‌లో యాంటీబయాటిక్ ఎక్కించి, తర్వాత మాత్రలిచ్చి పంపారు. పూర్తిగా తగ్గినట్టనిపించినా మధ్యలో ఆపకుండా వాడాను.

ఇప్పుడు గిన్నెలు తోమినా, మొక్కల దగ్గరికెళ్ళినా చేతికి గ్లౌజు. రాత్రిపూట చర్మం పగలకుండా క్రీము. గోళ్ళ పక్క తోలు పీకే పాత అలవాటు మానేశాను.

వాళ్ళ నిద్ర పాడవకూడదని దాచాను. చివరికి ఇంటిల్లిపాదికీ నిద్ర లేకుండా చేసింది ఆ దాచడమే. మీలో ఎవరికైనా ఈ ఆపరేషన్ అయ్యుంటే, దయచేసి నాలా చెయ్యకండి.

గుత్తివంకాయ మాత్రం మానలేదు. తొడిమలు మావారు కోసిస్తున్నారు.