మా గల్లీ డబ్బాల పూలు

షోలాపూర్ వచ్చినోళ్ళు సిద్ధేశ్వరుని గుడి, చెరువు, కిల్లా చూసి, రెండు చద్దర్లు కొనుక్కొని పోతారు. ఈసారి వస్తే కన్నా చౌక్ దాటి మా తెలుగోళ్ళ గల్లీల్లోకి రండి. ఒక పక్క మగ్గాల చప్పుడు, ఇంకో పక్క చాటలు ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుట్టే ఆడవాళ్ళు. తల పైకెత్తితే గ్యాలరీ కడ్డీలకు నూనె డబ్బాలు, రంగు డబ్బాలు వేలాడుతుంటాయి. వాటిలో బంతి, బిళ్ళగన్నేరు, గడ్డి గులాబీ. మాకు పెరడు లేదు. ఉన్న జాగా అంతా గాలిలోనే.

నాకిప్పుడు అరవై ఆరు. మిల్లు మూతపడ్డాక పవర్‌లూమ్ మీద టవళ్ళు నేసి, చూపు మందగించాక ఇంట్లో కూచున్నా. చేతులు ఊరుకోవు గదా, మొక్కలు పెట్టినా. మొదటి ఏడు అన్నీ చచ్చినయి. ఇక్కడిది నల్లరేగడి మన్ను. డబ్బాలో పోస్తే, తడిసినప్పుడు జిగట, ఎండితే ఇటుక. వేరుకు గాలాడదు. ఇప్పుడు మన్ను ఒక పాలు, ఇసుక ఒక పాలు, బాగా మాగిన పేడ ఎరువు ఒక పాలు కలుపుతా. పచ్చి పేడ వేస్తే వేరు మాడుతుంది. వేలాడే డబ్బాకు ఇసుక తగ్గించి కొబ్బరి పీచు వేస్తా. బరువూ తగ్గుతుంది, తేమా నిలుస్తుంది. అడుగున బొక్కలు మాత్రం ఉండాల్సిందే.

మా కష్టమంతా నీళ్ళతోనే. ఉజనీ డ్యామ్ నీళ్ళు నల్లాలో నాలుగైదు రోజులకు ఒకసారి వస్తాయి. ఎండాకాలం 42, 43 డిగ్రీలు. వేలాడే డబ్బాకు అన్ని దిక్కుల నుంచి గాలి తగులుతుంది, నేల మీది కుండీ కంటే ముందే ఎండిపోతుంది. అందుకని బియ్యం కడిగిన నీళ్ళు రెండు పూటలా పోసేవాణ్ణి. సగం కిందికే కారేవి.

నిరుడు శ్రావణంలో, మార్కండేయుని రథం తిరిగిన వారానికి, కిందికి చూడకుండా చెంబు వంచినా. కింద ఇంటి చెల్లె చుట్టిన బీడీలు చాటలో ఎండకు పెట్టి ఉంది. ఆరు వందల దాకా తడిసినయి. కార్ఖానాలో అవి తీసుకోరు. ఆమె పైకి చూసి ఒక్క మాట అన్నది. “అన్నా, నీ పూలు ఎవరి కడుపు నింపుతయి?” పైసలు తీసుకపోతే ముట్టలేదు. మా ఇంటామె రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ముప్పై ఏండ్లు బీడీలు చుట్టిన మనిషి, ఆ తడి విలువ ఆమెకు తెలుసు.

డబ్బాలన్నీ దించేద్దామనుకున్నా. అంతలో నూలు యాదికొచ్చింది. ప్రతి డబ్బా కింద, నాలుగు వేళ్ళ ఎడంగా, ఒక వెడల్పు గిన్నె కట్టినా. నూలు వేలంత లావు పేని, ఒక కొస మన్ను నడుమ పెట్టి, ఇంకో కొస బొక్కలోంచి గిన్నెలోకి వదిలినా. ఎక్కువైన నీళ్ళు గిన్నెలో పడాలి, మన్ను ఆరినప్పుడు వత్తి మళ్ళీ పైకి గుంజాలి. గుంజలేదు! కోరా నూలుకు మైనం ఉంటుంది, నీళ్ళు పీల్చదు. బతుకంతా నూలుతో గడిపినోణ్ణి, అదే మరిచిపోతి. చాకలి సోడా వేసి ఉడకబెట్టి, జాడించి పెడితే గుంజింది. దోమలు గుడ్లు పెట్టకుండా గిన్నె మీద గుడ్డ కట్టినా. ఇప్పుడు రెండు రోజులకొకసారి పోస్తే చాలు, ఒక్క చుక్క కింద పడదు.

బంతి సంగతి కూడా చెప్తా. ఆషాఢంలో గింజ వేస్తే రథం నాటికి జానెడు అవుతుంది. అప్పుడు కొస తుంచాలి. ముద్దుగా ఎదిగే మొక్కను తుంచడానికి చేయి రాదు, కానీ తుంచితేనే పక్క కొమ్మలు వస్తాయి. వాడిన పూలు ఎప్పటికప్పుడు తీసేస్తే మొగ్గ ఆగదు. గునుగు, తంగేడు బజారులో కొంటాం, బతుకమ్మకు బంతి మాత్రం మా డబ్బాలదే.

గిన్నెలు కట్టిన నెలకు ఆ చెల్లె చాట మళ్ళీ మా గ్యాలరీ కిందికే వచ్చింది. ఆమె ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. సద్దుల బతుకమ్మ పొద్దున మెట్లెక్కి వచ్చి, “అన్నా, నాలుగు బంతులియ్యి” అన్నది. గంప నింపి ఇచ్చినా.

ఈ ఏడు ఆమె కూడా తలుపు మీద ఒక డబ్బా వేలాడదీసింది. కింద గిన్నె కట్టలేదు. పోయి చెప్పాలి.