సమర్ఖంద్ దారిలో పద్దెనిమిది అమానతులు

కర్నూలు రైల్వే స్టేషన్‌లో ఒక తండ్రి తన కుమార్తె పాస్‌పోర్టును మా చేతిలో పెట్టి, "సార్, మేడమ్, ఈ అమ్మాయి ఇక మీ దగ్గర అమానతు" అన్నారు. రెండు నెలలుగా ఆయన ఆ ప్రయాణానికి ససేమిరా అన్నారు. మేము దంపతులమిద్దరం వెళుతున్నామనీ, మా తొమ్మిదేళ్ల అబ్బాయి కూడా వెంట ఉంటాడనీ, ఆడపిల్లలు మా కుటుంబంతో పాటే బస చేస్తారనీ తెలిసిన తర్వాతే అంగీకరించారు. అమానతు అనే మాటను మన ఇళ్లలో డబ్బు విషయంలోనూ, నగల విషయంలోనూ తరచుగా వింటాము. కన్నబిడ్డను చూపి ఆ మాట అన్నప్పుడు దాని బరువు ఎంతో ఆనాడు మాకు తెలిసింది.

మేము పనిచేసే జూనియర్ కళాశాల నుంచి 18 మంది విద్యార్థులు, వారిలో 8 మంది బాలికలు, పది రోజుల విద్యాయాత్రకు ఉజ్బెకిస్తాన్ బయలుదేరారు. గణిత, ఖగోళ శాస్త్రాలకు ముస్లిం పండితులు చేసిన సేవను పిల్లలకు కళ్లారా చూపించాలన్నది యాత్ర ఉద్దేశం. ఢిల్లీ నుంచి తాష్కెంట్‌కు విమానంలో దాదాపు మూడు గంటలు. అక్కడి నుంచి 'అఫ్రాసియాబ్' అనే వేగవంతమైన రైలు రెండు గంటలకు కాస్త పైగా నడిచి మమ్మల్ని సమర్ఖంద్‌లో దించింది.

పరాయి దేశమన్న బెరుకు పిల్లల్లో తొలిరోజే సగం తగ్గింది. కితోబ్, మక్తబ్, దర్స్, దోస్త్, నోన్, చోయ్! ఇంట్లో పలికే మాటలే కాస్త గుండ్రంగా వినిపిస్తుంటే పిల్లలు నవ్వుకుంటూ నోటు పుస్తకాల్లో రాసుకున్నారు. కృతజ్ఞత తెలపడానికి అక్కడివారు 'రహ్మత్' అంటారు. ఆ మాట మా అబ్బాయికి ఎంత నచ్చిందంటే, నీళ్లు అందించినా రహ్మత్ అనేవాడు.

రెగిస్తాన్ చౌకులో మూడు మదర్సాలు మూడు దిక్కుల నిలిచి ఉన్నాయి. వాటిలో పాతది 1417-1420 మధ్య ఉలుగ్ బేగ్ కట్టించినది. తైమూర్ మనవడైన ఈ పాలకుడు స్వయంగా ఖగోళ శాస్త్రవేత్త. నీలి పలకల ఆ గోడల ముందు మేము పిల్లలకు బీదర్‌ను గుర్తుచేశాము. మహమూద్ గవాన్ 1472లో బీదర్‌లో కట్టించిన మదర్సా ఈ మధ్య ఆసియా పద్ధతిలోనిదే. దాని మీనారుపై ఈనాటికీ అక్కడక్కడా రంగు పలకలు మిగిలి ఉన్నాయి. మన దక్కనుకూ ఈ నేలకూ మధ్య విద్య నడిచిన దారి ఒకటి ఉండేదని పిల్లలు గ్రహించారు.

నగరం అంచున ఒక గుట్టపై ఉలుగ్ బేగ్ నక్షత్రశాల శిథిలాలు ఉన్నాయి. దాదాపు 40 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తచాపంలో రాతిలో తొలిచిన అడుగు భాగం మాత్రమే మిగిలింది. ఆ పరికరంతో సూర్యుని ఎత్తును కొలిచేవారు. 1437లో వెలువడిన వారి నక్షత్ర పట్టికలో 1018 నక్షత్రాలు ఉన్నాయి. దుర్భిణి లేని కాలమది. 1449లో ఉలుగ్ బేగ్ కన్నకొడుకు ప్రేరణతోనే హత్యకు గురయ్యారు. నక్షత్రశాల పాడుబడి మట్టిలో కలిసిపోయింది. 1908లో గానీ తిరిగి బయటపడలేదు. "సార్, తండ్రి చదువును కొడుకు కాపాడలేదా?" అని మా అబ్బాయి అడిగాడు. వాడికి వెంటనే జవాబు చెప్పలేకపోయాము.

మర్నాడు మధ్యాహ్నం బీబీ ఖానమ్ మసీదు పక్కనున్న సియాబ్ బజారుకు వెళ్లాము. గంట తర్వాత బజారు ద్వారం దగ్గర కలవాలని పిల్లలందరికీ చెప్పాము. ఎండ తీవ్రంగా ఉండడంతో మేమే మనసు మార్చుకుని, మసీదు గోడ నీడకు రమ్మని ఎదురుపడిన పిల్లలతో చెప్పాము. ఆ మాట తక్కినవారికీ చేరుతుందనుకున్నాము. తీరా లెక్కపెడితే 17 మందే ఉన్నారు. లేనిది ఆ తండ్రి అమానతుగా అప్పగించిన అమ్మాయే.

తర్వాతి గంట ఎలా గడిచిందో అల్లాహ్‌కే తెలుసు. ఎండు ఫలాల దుకాణాలు, కూరగాయల వరుసలు అన్నీ గాలించాము. పెదవులపై దుఆ, కళ్ల ముందు కర్నూలు స్టేషన్. చివరికి ఆమె బజారు ద్వారం దగ్గరే, రొట్టెలమ్మే ఒక పెద్దావిడ పక్కన పీట మీద కూర్చుని కనిపించింది. చేతిలో పియాలా, అందులో ఆకుపచ్చ టీ. మమ్మల్ని చూసి లేచి నిలబడింది. మాకు కలిగిన ఊరట మరుక్షణంలోనే కోపంగా మారింది. "మీ నాన్నగారికి మేమేం సమాధానం చెప్పాలి?" అని అందరి ముందూ గట్టిగా మందలించాము. ఆమె మాట్లాడలేదు.

ఇషా నమాజు తర్వాత ఆమె మా గదికి వచ్చింది. "మేడమ్, ఈ సంగతి మా అబ్బాకు చెప్పకండి. చెబితే నా చదువు ఇంటర్‌తోనే ఆగిపోతుంది" అంది. వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి, "నేను మీరు చెప్పిన చోటే కూర్చున్నాను మేడమ్" అంది మెల్లగా.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. విషయం దాచిపెడితే ఆమె చదువూ నిలుస్తుంది, మా పేరూ నిలుస్తుంది. కానీ అమానతు అప్పగించినవారి వద్ద నిజం దాచడం ఎటువంటి అమానతు? సగం నిజం చెబితే తప్పు ఆమె మీదికి పోతుంది.

తెల్లవారి సమర్ఖంద్‌కు సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఉన్న హర్తంగ్‌కు వెళ్లాము. హిజ్రీ 256లో (క్రీ.శ. 870) ఇమామ్ బుఖారీ (రహ్మ) కన్నుమూసింది అక్కడే. సలాం చెప్పి, దుఆ చేసి, చెట్ల నీడన కూర్చుని పిల్లలకు ఆయన బాల్యాన్ని వివరించాము. పసితనంలోనే తండ్రిని కోల్పోయిన ఆయనను తల్లి పెంచి చదివించింది. పదహారేళ్ల వయసులో తల్లితోనూ అన్నతోనూ కలిసి హజ్‌కు వెళ్లారు. హజ్ ముగిశాక తల్లీ అన్నా తిరిగివచ్చారు. ఆయన మాత్రం హదీసు విద్య కోసం అక్కడే ఉండిపోయారు.

ఈ ఘటనను మేము ఎన్నోసార్లు చదివాము, బోధించాము కూడా. అక్కడ కూర్చుని చెబుతున్నప్పుడు మాత్రం మా మాట ఆ తల్లి దగ్గర ఆగిపోయింది. బిడ్డ వెంట వేల మైళ్లు నడిచింది ఆమే. బిడ్డను విద్యకు వదిలి ఒంటరిగా వెనుదిరిగిందీ ఆమే. కాపాడడమంటే చేయి వదలకుండా పట్టుకోవడమే అనుకున్నాము మేము. సమయం వచ్చినప్పుడు బిడ్డను నమ్మడం కూడా కాపాడడంలో భాగమేనని ఆ తల్లికి తెలుసు.

తిరుగు ప్రయాణంలో బస్సులో నిలబడి, అందరి ముందూ ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పాము. నలుగురిలో మందలించినప్పుడు నలుగురిలోనే తప్పు ఒప్పుకోవాలి కదా. ఆమె తల వంచుకుని ఏడ్చింది.

సాయంత్రం ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఆమె తండ్రికి ఫోన్ చేశాము. జరిగినదంతా చెప్పి, కలుసుకోవలసిన చోటు మార్చింది మేమేననీ, తప్పు పూర్తిగా మాదేననీ విన్నవించాము. ఆయన చాలాసేపు మౌనంగా ఉన్నారు.

"అమ్మాయి మీరు మొదట చెప్పిన చోటే ఉందా?"

"అవునండీ."

"గంటసేపు, భాష తెలియని చోట, ఒక్కతే?"

"అవును."

"ఏడ్చిందా?"

"లేదండీ. రొట్టెలమ్మే పెద్దావిడతో కబుర్లు చెబుతోంది."

మళ్లీ కాసేపు మౌనం. తర్వాత "అల్‌హందులిల్లాహ్. దానికి ఫోన్ ఇవ్వండి సార్" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు.

మేము దిగిన అతిథి గృహంలో గోడకు ఎండిన రొట్టె ఒకటి వేలాడుతుండేది. దాని అంచున ఒక కొరుకు. బయలుదేరే రోజున ఇంటి యజమానురాలిని అడిగాము. కొడుకు దూరదేశం వెళ్లేటప్పుడు రొట్టెను ఒక్కసారి కొరికి వెళతాడట. మిగిలినది తల్లి దాచి ఉంచుతుంది. తిరిగివచ్చి అతనే దానిని ముగించాలి.

కర్నూలులో 18 పాస్‌పోర్టులూ లెక్కపెట్టి ఎవరివి వారికి అప్పగించాము. ఆ ఏడాదే ఆ అమ్మాయి హైదరాబాదులో డిగ్రీలో గణితం తీసుకుంది. తండ్రే స్వయంగా తీసుకువెళ్లి చేర్పించారు. వెళ్లే ముందు తల్లికి సమర్ఖంద్ రొట్టె సంగతి చెప్పిందట. ఆమె నవ్వి, "మన రొట్టె నాలుగు రోజులకే బూజు పడుతుంది బేటీ, నువ్వు నెలనెలా రావాలి" అన్నదట.