రంజన్ దగ్గర మొదలుపెడదాం
నీటి మూడు స్థితులను ఐసుముక్క, గిన్నె, పొయ్యితో చెప్పి వదిలేస్తే, నీళ్లు 100 డిగ్రీల దగ్గరే ఆవిరవుతాయన్న అపోహ పిల్లల్లో మిగిలిపోతుంది. ఎండలు 45 డిగ్రీలు దాటే రామగుండంలో మట్టి రంజన్‌లో నీళ్లు చల్లగా ఎందుకుంటాయో ముందు అడగాలి. మట్టి గోడలోంచి ఊరిన నీరు మరగకుండానే ఆవిరై, లోపలి వేడిని తీసుకుపోతుంది. ముసురు పట్టి గాలిలో తేమ నిండితే అదే రంజన్ అంతగా చల్లబడదు. ఎందుకో పిల్లలే చెప్పగలరు. పరీక్షలో 100 డిగ్రీలే అడుగుతారు కదా అంటారు కొందరు. అడగనీ, అది నీళ్లు మరిగే ఉష్ణోగ్రత, ఆవిరి కావడానికి హద్దు కాదు. మంచు పడని చోట ఘనస్థితి ఎట్లా చూపాలంటే, కరీంనగర్ వరిచేలను, మామిడితోటలను దెబ్బతీసే రాళ్లవాన ఉండనే ఉంది. ఆదిలాబాద్ పొగమంచును మాత్రం జాగ్రత్తగా చెప్పాలి: ఆవిరి కంటికి కనబడదు, తెల్లగా కనబడేవి సన్నని నీటి బొట్లు.