మీటరు అద్దం మసకబారినప్పుడు

ఇంటికొక వాహనం తప్పనిసరి అయిన కాలమిది. దానికి వేళకు ఆయిలు మారుస్తాము, టైర్లలో గాలి చూస్తాము, బ్రేకులు సరిచేయిస్తాము. నడిపేవారి కళ్లెదుటే ఉండి, ఎంత వేగంతో పోతున్నదీ ఎంత దూరం వచ్చినదీ తెలియజేసే మీటరు అద్దాన్ని మాత్రం పట్టించుకొనేవారు అరుదు. అది ఒక్కనాటిలో పాడుకాదు. ఏడాదికింత చొప్పున మసకబారుతుంది. ఆ మసకకు మన కళ్లు అలవాటుపడిపోతాయి.

మా సింగరాయకొండ వంటి ఊళ్లలో ఈ మార్పు మరింత త్వరగా వస్తుంది. ఒకవైపు పాకల సముద్రతీరం, అటునుంచి వీచే ఉప్పుగాలి. మరోవైపు రాత్రింబగళ్లు లారీలు పరుగులు తీసే 16వ నంబరు జాతీయ రహదారి, దాని దుమ్ము. వీటికి తోడు వేసవి ఎండ. ఆరుబయట నిలిపే స్కూటర్లు, ఆటోలు, ట్రాక్టర్ల మీటర్లను ఒకసారి గమనించండి. చాలావాటిపై పాలపొర వంటి తెల్లదనం కనిపిస్తుంది. సాయంకాలం ఎదురెండలో ఆ పొర మెరిసి, లోపలి ముల్లు కనబడకుండా పోతుంది. పెట్రోలు అడుగంటిన సంగతి గాని, ఇంజను వేడెక్కిన హెచ్చరిక గాని సమయానికి కంటబడకపోతే కలిగే కష్టం చిన్నది కాదు. రహదారిపై వేగం తెలియకపోవడం అంతకంటే ప్రమాదకరం.

మా అబ్బాజాన్ బట్టల మూటలతో టంగుటూరు, ఉలవపాడు, కందుకూరు చుట్టుపక్కల గ్రామాలకు పాత గేర్ల స్కూటరుపై తిరిగి మమ్మల్ని పెంచారు. వయసు మీరాక మీటరులోని అంకెలు కనబడడం లేదనసాగారు. పరీక్ష చేయిస్తే కంటిలో శుక్లమున్నదని తేలింది. ఆపరేషను జరిగింది. అల్‌హందులిల్లాహ్, వార్తాపత్రికలోని సన్నని అక్షరాలు సైతం చదవగలిగారు. మీటరులోని అంకెలు మాత్రం అప్పటికీ కనబడలేదు. కంటితో పాటు అద్దానికీ చికిత్స అవసరమని అప్పుడు తెలిసింది.

ఇది నిజానికి అద్దం కాదు

మనం అద్దమని పిలిచే ఈ మూత సాధారణంగా పారదర్శకమైన ప్లాస్టిక్కుతో తయారవుతుంది. కొన్నింటికి ఆక్రిలిక్, కొన్నింటికి పాలికార్బొనేట్ వాడతారు. ఆక్రిలిక్ 1933లో జర్మనీలో ప్లెక్సిగ్లాస్ అనే పేరుతో మార్కెట్లోకి వచ్చింది. మనకు తెలిసిన పాలికార్బొనేట్‌ను 1953లో జర్మనీలో హెర్మన్ ష్నెల్, అమెరికాలో డేనియల్ ఫాక్స్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే రూపొందించారు. రెండూ గాజుకంటే తేలికైనవి, దెబ్బకు అంత సులభంగా పగలనివి. కానీ గాజుకంటే మెత్తనివి గనుక త్వరగా గీతలు పడతాయి.

ఆక్రిలిక్‌కూ కంటికీ ఒక సంబంధమున్నది. రెండవ ప్రపంచ యుద్ధంలో విమానాల ఆక్రిలిక్ తొడుగులు పగిలి, వాటి ముక్కలు కొందరు పైలట్ల కళ్లలో గుచ్చుకున్నాయి. ఆ ముక్కలను కన్ను సహిస్తున్నదని హెరాల్డ్ రిడ్లీ అనే ఆంగ్ల నేత్రవైద్యుడు గమనించారు. 1949లో లండన్‌లో శుక్లం తీసిన కంటిలో ఆక్రిలిక్ కటకాన్ని తొలిసారిగా అమర్చారు. నేడు మన పెద్దల కళ్లకు వెలుగునిస్తున్న కృత్రిమ కటకాల చరిత్ర అక్కడే మొదలైంది.

మసక ఎందుకు వస్తుంది?

నునుపైన ప్లాస్టిక్కు గుండా కాంతి తిన్నగా సాగుతుంది. పైభాగంలో సన్నని గీతలు వేలకొద్దీ పడితే ఆ కాంతి చెల్లాచెదురై తెల్లని పొరలా కనిపిస్తుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్కు పైపొరను క్రమంగా దెబ్బతీసి పసుపుపచ్చగా మారుస్తాయి.

గీతలు ఎక్కువగా పడేది నిర్లక్ష్యం వలన కాదు, శ్రద్ధ వలన. ఉదయాన్నే బండి బయటకు తీసి, భుజంపైని తువాలుతో మీటరును గట్టిగా తుడవడం మన ఇళ్లలో నిత్యం చూసేదే. రాత్రంతా దానిపై పేరుకున్న ఇసుకరేణువులు, ఉప్పుకణాలు ఆ పొడిగుడ్డ కింద నలిగి ప్లాస్టిక్కును గీస్తాయి. బండిని ఎంత ఆదరంగా తుడిస్తే అద్దం అంత త్వరగా పాడవుతుంది. ముందు నీళ్లు పోసి దుమ్మును జారవిడిచి, తరువాత తడిగుడ్డతో తుడిస్తే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది.

ముందుగా ఒక పరీక్ష

పనికి పూనుకొనేముందు మసక ఎక్కడున్నదో తెలుసుకోవాలి. శుభ్రంగా కడిగిన అద్దంపై కొద్దిగా నీళ్లు రాసి చూడండి. తడి ఉన్నంతసేపు లోపలి అంకెలు స్పష్టంగా కనిపించి, ఆరగానే మళ్లీ మసకబారితే లోపమంతా పైపొరలోని గీతలదే. నీరు ఆ గీతలను పూడ్చినందువల్లనే కాంతి తిన్నగా సాగింది. ఇటువంటి అద్దం బాగుపడుతుంది.

తడిపినా తేడా లేకపోతే మసక లోపలివైపున గాని, ప్లాస్టిక్కు మధ్యన గాని ఉన్నదని అర్థం. లోపల నీటి ఆవిరి పట్టినట్లయితే రబ్బరు పాడై తేమ చేరుతున్నదన్నమాట. అద్దానికి లోపల పగుళ్లు పాకినట్లయితే ఎంత రుద్దినా ప్రయోజనముండదు, మార్చవలసిందే. కొత్త బండ్లలోని డిజిటల్ మీటర్లలో తెరే నల్లబడి ఉంటే ఆ లోపం తెరలోని పొరది, పైన రుద్దితే పోయేది కాదు. వెలుతురు మెరవకుండా కంపెనీయే గరుకుగా తయారుచేసిన అద్దాలను కూడా పాలిష్ చేయరాదు.

చేయవలసిన పద్ధతి

నీడలో, బండి చల్లగా ఉన్నప్పుడు ఈ పని చేయాలి. ఒక మగ్గు నీటిలో రెండు మూడు చుక్కల షాంపూ కలిపి, మెత్తని నూలుగుడ్డతో గాని మైక్రోఫైబర్ గుడ్డతో గాని ఒత్తిడి లేకుండా కడగాలి. ఆపై అద్దం చుట్టూ ఉన్న భాగాలకు మాస్కింగ్ టేపు అంటించాలి.

మసక కొద్దిగా ఉంటే ప్లాస్టిక్ పాలిష్ చాలు. అది దొరకనిచోట తెల్లని సాధారణ టూత్‌పేస్టు కూడా కొంతవరకు పనిచేస్తుంది. పళ్లను రుద్దే సన్నని పొడి అందులో ఉన్నందున అది గీతల అంచులను అరగదీస్తుంది. బఠాణీగింజంత తీసుకొని, తడిగుడ్డతో చిన్న చిన్న వలయాలుగా రెండు మూడు నిమిషాలు రుద్ది, కడిగి చూడాలి. అవసరమైతే మరొకసారి చేయాలి.

గోటికి తగిలేంత లోతు గీతలుంటే వాటర్ పేపరు అవసరమవుతుంది. పెయింటు దుకాణాలలో నంబర్ల ప్రకారం దొరుకుతుంది. నంబరు పెరిగేకొద్దీ కాగితం నునుపవుతుంది. 1000తో మొదలుపెట్టి 1500, 2000, 3000 వరుసలో సాగాలి. కాగితాన్ని పది నిమిషాలు నీటిలో నానబెట్టి, అద్దంపై ఎప్పుడూ తడి ఉండేట్లు చూసుకొంటూ తేలికగా రుద్దాలి. ఒక నంబరుతో నిలువుగా రుద్దితే తరువాతి నంబరుతో అడ్డంగా రుద్దాలి. పాత గీతలు పూర్తిగా పోయినదీ లేనిదీ అలా స్పష్టంగా తెలుస్తుంది. ఒక్క మెట్టు దాటవేసినా దాని గీతలు చివరిదాకా వెంటాడుతాయి.

ఈ పని మధ్యలో అద్దం మొదటికంటే తెల్లగా కనిపిస్తుంది. అది చూసి గుండె జారనక్కరలేదు. 3000 నంబరు తరువాత పాలిష్‌తో ఓపికగా రుద్దితే వెలుగు తిరిగి వస్తుంది. కంపెనీ వేసిన రక్షణపొర ఏదైనా ఉంటే ఈ రాపిడిలో పోతుంది గనుక, చివరన వాక్స్ పూసి, కొన్ని నెలలకొకసారి మళ్లీ పూస్తూ ఉండాలి.

కొన్నింటిని దగ్గరకు రానీయకూడదు. పెట్రోలు, థిన్నరు, గోళ్లరంగు తీసే ద్రావకం, అమ్మోనియా కలిసిన గాజు క్లీనర్లు ప్లాస్టిక్కులో సన్నని పగుళ్లు పుట్టిస్తాయి. అంట్లుతోమే పీచు గాని, గిన్నెల పొడి గాని వాడకూడదు. పొడిగుడ్డతో గట్టిగా రుద్దితే ప్లాస్టిక్కుపై విద్యుదావేశం చేరి, లోపలి తేలికైన ముల్లు ఒకవైపుకు అతుక్కొనిపోవడం కూడా ఉంటుంది. తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే అది సర్దుకుంటుంది.

అద్దం తేటపడ్డాక

మేము ముగ్గురు అన్నదమ్ములం ఒక శుక్రవారం జుమా నమాజు తరువాత కూర్చుని, అసర్ వేళకు పని ముగించాము. అబ్బాజాన్ అద్దంలోకి చూసి అంకెలను పైకి చదివారు. 38,214 కిలోమీటర్లు. అమ్మీజాన్ నవ్వారు. వీధి చివరి దాకా నడిపి చూస్తే ముల్లు సున్నా దగ్గరే ఉండిపోయింది. స్పీడోమీటరు కేబుల్ ఎన్నడో తెగిపోయినది. అద్దం మసకలో ఆ సంగతి ఎవరికీ కనబడలేదు.

ఈ రకపు పాత మీటర్లు చక్రం నుంచి వచ్చే కేబుల్‌తో పనిచేస్తాయి. కేబుల్ తిరిగితే లోపల ఒక అయస్కాంతం తిరిగి, లోహపు గిన్నెను తాను తిరిగే దిశలో లాగుతుంది. గిన్నెతోపాటు ముల్లు లేస్తుంది. ఈ విధానానికి 1902లో ఒట్టో షుల్జే పేటెంటు పొందారు. అదే కేబుల్ పళ్లచక్రాల ద్వారా కిలోమీటర్ల అంకెలను కూడా తిప్పుతుంది. కేబుల్ తెగితే వేగమూ దూరమూ రెండూ ఆగిపోతాయి. అబ్బాజాన్ ఆయిలు మార్చినప్పుడల్లా ఖాతా పుస్తకంలో కిలోమీటర్లు రాసేవారు. రెండు సంవత్సరాలకు పైబడిన చివరి లెక్క 38,190. అంటే ఆ తరువాత 24 కిలోమీటర్లకే మీటరు ఆగిపోయింది. వారానికి వంద కిలోమీటర్లు వేసుకున్నా, లెక్కకెక్కని దూరం పదివేలకు తక్కువ ఉండదు.

కేబుల్ వేయించాము. మరొక ఏడాది నడిపాక బండిని అమ్మాలని నిశ్చయించాము. పాకల వైపు నుంచి చేపల వ్యాపారం చేసుకొనే యువకుడు వచ్చి మీటరు చూసి ముచ్చటపడ్డాడు. “బండి తక్కువే తిరిగిందే,” అన్నాడు. అతను ప్రశ్న అడగలేదు, మనం అబద్ధం చెప్పలేదు, ఇక చెప్పవలసినదేమున్నదని మాలో ఒకరి వాదన. అబ్బాజాన్ ఒప్పుకోలేదు. “మీటరు కూడా కొలతే కదా నాయనా. ముతఫ్ఫిఫీన్ సూరా త్రాసుకు మాత్రమే అనుకున్నావా?” అన్నారు. ధాన్యపు రాశిలో చేయి ఉంచి అడుగున దాగిన తడిని బయటపెట్టిన దైవప్రవక్త (స) వారి సంఘటన మన ఇళ్లలో పిల్లలకు సైతం తెలిసినదే. మా చేతిలోని రాశికి పైభాగం మెరిసేట్లు చేసినది మేమే గనుక, అడుగునున్నది చెప్పవలసిన బాధ్యత కూడా మాదే అయింది.

అమ్మీజాన్ ఖాతా పుస్తకం తెచ్చి అతని చేతికిచ్చారు. “ఈ అంకెకు మరో పదివేలు కలుపుకో నాయనా, ఆ తరువాతే ధర చెప్పు,” అన్నారు. అతను పుస్తకం తిరగేసి, అనుకున్న ధరలో పదిహేను వందలు తగ్గించాడు. అది న్యాయమే. ఆ సొమ్ము అబ్బాజాన్ మందులకు పనికివచ్చేదన్న మాటా నిజమే. అయినా ఆ రాత్రి మా ఇంట ఎవరికీ ఆ పదిహేను వందలు లోటనిపించలేదు.

మీ ఇంటి బండి మీటరును ఈ వారం ఒకసారి తడిపి చూడండి. మసక పైదే అయితే ఒక పూట కష్టంతో పోతుంది. తేటపడిన తరువాత ముల్లు కదులుతున్నదా, అంకెలు తిరుగుతున్నాయా అని కూడా పరిశీలించండి. ఆయిలు మార్చిన ప్రతిసారీ కిలోమీటర్లను ఒక పుస్తకంలో రాసి ఉంచండి. బండి అమ్మేనాడు ఆ పుస్తకాన్ని కూడా బండితోపాటు ఇవ్వండి.