గంపగుత్త బేరం

నాకింకా రెండేళ్ల సర్వీసుంది. ఆస్తి అంటే నెలనెలా కోసే ప్రావిడెంటు ఫండూ, మా నాన్నగారు వదిలిపోయిన ఒక కంపెనీ షేర్లూను. ఆ షేర్లు అమ్మి కడగొట్టుపిల్ల పెళ్లి చెయ్యాలని నేనూ మా ఆవిడా ఏనాడో తీర్మానించుకున్నాం.

మంచి ధర కోసం కాచుక్కూర్చున్నాను. ఇంతలో, బజారు విలువ తగ్గిందని ఆ కంపెనీని నిఫ్టీ జాబితాలోంచి తీసేస్తున్నట్లు పేపర్లో పడింది. ‘‘తీసేస్తే మనకేం? ఫ్యాక్టరీ నడుస్తూనే వుందిగా!’’ అన్నాను. ధర నా మాట వినలేదు. దిగుతూనే పోయింది.

పండక్కి వచ్చిన పెద్దల్లుణ్ణి అడిగాను. ‘‘ఈటీఎఫులండీ, మామయ్యగారూ’’ అన్నాడు.

మన దేశంలో మొదటిది 2001 డిసెంబరులో వచ్చిందట. నిఫ్టీలోని 50 కంపెనీల షేర్లూ ఆ పాళ్లలోనే గంపకెత్తి, ఆ గంపను యూనిట్లుగా విడగొట్టి, బజార్లో షేర్లలాగే అమ్ముతారు. మీ యూనిట్టు నేను కొంటే గంపలో సరుకు కదలదు. కాని జనం ఎగబడి, యూనిట్టు ధర లోపలి సరుకు ధరను మించిందనుకోండి. అప్పుడు పెద్ద వ్యాపారులు ఆ షేర్లన్నీ కొని ఫండుకిచ్చి కొత్త యూనిట్లు పుచ్చుకుంటారు. ఆ గిరాకీ మంచి కంపెనీకీ చెడ్డ కంపెనీకీ ఒకేసారి తగులుతుంది. అమ్మేవాళ్లు ఎక్కువైతే కథ తిరగబడుతుంది.

‘‘అయితే పుచ్చు వంకాయైనా చెల్లిపోతుందన్నమాట!’’ అంది మా ఆవిడ. సంతలో ఒక్కొక్క కాయా తిప్పి చూసే మనిషి మరి.

‘‘ఏరి కొనేవాళ్లు వేరే వున్నారు, అత్తయ్యగారూ. మరీ చవకైతే వాళ్లొస్తారు’’ అన్నాడు.

ఏటా మార్చి, సెప్టెంబరు నెలాఖర్లలో జాబితా మారుస్తారు. పేరు కొట్టేసిన కంపెనీని ఈ గంపలవాళ్లంతా ఇంచుమించు ఒకే రోజున అమ్మేస్తారు. కంపెనీ ఎలా వుందన్న విచారణ లేదు. ఈ సంగతి తెలిసినవాళ్లు ముందుగానే అమ్మి తప్పుకుంటారు. ఆ పడ్డ ధరలో కొంత తరవాత లేవవచ్చు; కంపెనీయే చితికితే లేవదు.

‘‘ఎవరయ్యా ఆ గంపల మహానుభావులు?’’ అన్నాను ఉక్రోషంగా.

అల్లుడు కాస్త నసిగాడు. 2015 ఆగస్టు నుంచి ప్రావిడెంటు ఫండువారు కొత్తగా వచ్చే సొమ్ములో కొంత వీటిలోనే పెడుతున్నారట. మొదట నూటికి 5, తరవాత 15 దాకా. అంటే నా జీతంలో కోసిన డబ్బే మా నాన్నగారి షేర్లను పడదోయడానికి ఒక చెయ్యి వేసిందన్నమాట! నేను మా ఆవిడకేసి చూడలేదు.

పెళ్లి మాఘంలో. సగం షేర్లు అమ్మేశాను. తక్కినవి ఆపమంటున్నాడు అల్లుడు. మా ఆవిడ మాత్రం నిన్న తన కాసులపేరు తూకం వేయించుకొచ్చింది.