బీమావాళ్ళు పెంచిన పాట

అమెరికా వెళ్ళొచ్చానంటే చాలు, అందరూ నయాగరా సంగతే అడుగుతారు. నేను నాష్‌విల్ సంగతి చెబుతాను, కాస్త కూర్చోండి. టెనెసీ రాష్ట్రానికి రాజధాని. అక్కడివాళ్ళ కంట్రీ మ్యూజిక్‌కి పుట్టిల్లు కాకపోయినా మెట్టినిల్లు మాత్రం అదే.

అట్లాంటాలో మా అమ్మాయి ఇంటి నుంచి కారులో నాలుగు గంటల దారి. మధ్యలో గడియారం గంట వెనక్కి జరుగుతుంది. తొమ్మిదింటికి బయల్దేరి పన్నెండుకే చేరిపోయామని మనవరాలు ఒకటే మురిసిపోవడం. తిరుగు ప్రయాణంలో ఆ గంట కక్కించేస్తారని దానికింకా తెలీదు, నేనూ చెప్పలేదు.

ముందు రైమన్ ఆడిటోరియానికి వెళ్ళాం. టామ్ రైమన్ అని ఓ పడవల ఆసామి ఉండేవాడట. శామ్ జోన్స్ అనే బోధకుడి మాటలు విని మనసు మారి, అలాంటి సభల కోసమే ఈ ఇటుకల భవనం తలపెట్టాడు. 1892లో పూర్తయింది. అందుకే ఇప్పటికీ లోపలున్నవి చర్చి బెంచీలే. గ్రాండ్ ఓల్ ఓప్రీ అనే రేడియో కచేరీ 1943 నుంచి 1974 దాకా ఇక్కడే జరిగింది. ఏసీ లేని రోజులు. ఎండాకాలం జనం విసురుకుంటూ వినేవారట. మా నడుములు ఆ బెంచీల మీద పావుగంటకే మొరపెట్టుకున్నాయి. వాళ్ళు శనివారం శనివారం ఎలా కూర్చున్నారో!

అసలు సంగతి ఇప్పుడొస్తుంది. 1925లో ఆ కచేరీ మొదలుపెట్టిన రేడియో స్టేషన్ ఎవరిదనుకున్నారు? ఓ ఇన్సూరెన్సు కంపెనీది! స్టేషన్ పేరు డబ్ల్యూ.ఎస్.ఎం. కూడా, లక్షలాదిమందికి మేం అండ అనే వాళ్ళ ఇంగ్లీషు నినాదంలోని పొడి అక్షరాలే. ఇది వినగానే మావారు నిటారుగా కూర్చున్నారు. మరి ఎల్.ఐ.సి.లో డెవలప్‌మెంట్ ఆఫీసరుగా రిటైరైన మనిషి కదండీ! ఆ రేడియో కంపెనీవి చిన్న చిన్న పాలసీలు, ఇంటింటికీ తిరిగి ప్రీమియం వసూలు చేసే ఏజెంట్లు. శనివారం రాత్రి ఫిడేలూ బాంజో విని హుషారైన ఇంట్లో, వారం మధ్యలో ఏజెంటు తలుపు తడితే ఎందుకు తియ్యరు? “చూశావా, మేం లేకపోతే పాటే లేదు” అని ఆ రోజంతా నన్ను వేపుకు తిన్నారు.

నేనూ ఊరుకోలేదు లెండి. కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియానికి వెళ్ళాం కదా, అక్కడ ఎల్విస్ ప్రెస్లీ బంగారు రంగు కాడిలాక్ దగ్గర అందరూ ఫొటోలు దిగుతుంటే, నాకు డీఫర్డ్ బెయిలీ గుర్తొచ్చాడు. మౌతార్గన్‌తో రైలుకూత పలికించిన నల్లజాతి కళాకారుడు, ఓప్రీ తొలి తారల్లో ఒకడు. బృందంతో ఊళ్ళు తిరిగినప్పుడు హోటళ్ళు ఆయనకి గది ఇచ్చేవి కావు. 1941లో ఓప్రీ ఆయన్ని వదిలించుకుంది. తర్వాత బూటుపాలిష్ దుకాణం నడుపుకుని బతికాడు. ఈ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చింది 2005లో, అప్పటికి ఆయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది. “లక్షలమందికి అండ అన్నారే, ఈ ఒక్కడి మాటేమిటి?” అన్నాను. మావారు మాట్లాడకుండా కళ్ళజోడు తుడుచుకున్నారు.

సాయంత్రం కాకముందే బ్రాడ్‌వే వీధి చూడాలంది అమ్మాయి, చీకటిపడితే పిల్లతో కష్టమని. పట్టపగలే ప్రతి బారులోనూ పాట, మేడ మీద మేడలో మరో బృందం. ఒకరి డ్రమ్ము ఇంకొకరి గొంతులో పడుతోంది. ఒక జత కొంటే రెండు జతలు ఉచితమంటూ బూట్ల కొట్లవాళ్ళ బోర్డులు. ఎక్కడా టికెట్ లేదు. వాయించేవాళ్ళకి చాలావరకు బకెట్లో పడే చిల్లరే ఆధారం.

ఓ చోట నిమ్మరసం తెప్పించుకుని కూర్చున్నాం. ఫిడేలు కుర్రాడు కళ్ళు మూసుకుని వాయిస్తుంటే మావారు అల్లుడి వైపు వంగి, “వీళ్ళకి పి.ఎఫ్. గానీ, గ్రూప్ ఇన్సూరెన్సు గానీ ఉంటుందంటావా?” అన్నారు. అల్లుడు నవ్వేశాడు. ఇంతలో బకెట్ మా బల్ల దగ్గరికి రానే వచ్చింది. ఆయన ఐదు డాలర్ల నోటు తీశారు, కుర్రాణ్ణి ఓసారి చూశారు, ఇంకో ఐదు కలిపి వేశారు. నామినీ ఎవరని అడగలేదు, అదే పదివేలు.